చాయ (ఉత్తర తెలంగాణ)

చాయ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోండు గూడేల నుంచి బొగ్గు గనుల దాకా అందరూ తాగే వేడి పానీయం. ఇక్కడ తేయాకు తోటలు లేవు. ఆ మొక్కకు పులుపు గుణం ఉన్న మట్టి, ఎక్కువ కాలం తడి, నీరు నిలవని వాలు కావాలి. ఇక్కడున్నవి నల్లరేగళ్లు, చెల్క నేలలు, నాలుగు నెలల వాన, ఆపైన మండే ఎండ. అందుకే ఈ ప్రాంతపు చాయ చరిత్ర రైలు, గని, మగ్గం చుట్టూ తిరుగుతుంది.

పేరు సంగతి ఆసక్తికరమైనది. చైనాలో ఎక్కువ చోట్ల ఈ ఆకును ‘చా’ అంటారు, ఫుజియాన్ తీరంలో ‘తే’ అంటారు. భూమార్గాన పర్షియా చేరిన ‘చా’ అక్కడ ‘చాయ్’ అయి, ఉర్దూ మీదుగా తెలంగాణకు వచ్చింది. డచ్చి ఓడలెక్కిన ‘తే’ ఇంగ్లీషులో ‘టీ’గా మారి కోస్తా జిల్లాల్లో నిలిచింది. నిజాం రాజ్యం, మద్రాసు ప్రెసిడెన్సీల పాత ఎల్ల తెలుగువారి నాలుక మీద ఇంకా చెరిగిపోలేదు. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలో అడుగుపెడితే అదే ‘చహా’. పుస్తకాల్లో ‘తేనీరు’ అని రాసినా, ఇంటికొచ్చిన చుట్టంతో ఇక్కడివారు అనేది ‘జర చాయబొట్టు తాగుండ్రి’ అనే.

తెల్ల, ఆకుపచ్చ, ఊలాంగ్, నల్ల టీలన్నీ కమేలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకుకు వెంటనే వేడి తగిలిస్తే పచ్చగా ఉండిపోతుంది. గాలికి కొంత మారనిచ్చి ఆపితే ఊలాంగ్, పూర్తిగా మారనిస్తే నల్ల టీ. చైనా రకానిది చిన్నాకు, అస్సాం రకానిది పెద్దాకు. ఆ పెద్దాకు మొక్కను 1823లో బ్రిటిష్ వ్యాపారి రాబర్ట్ బ్రూస్ కనిపెట్టాడని రాస్తుంటారు. అక్కడి సింగ్‌ఫో తెగవారు అప్పటికే వాడుతున్న మొక్కను కనిపెట్టాడనడం న్యాయం కాదు. 1839లో అస్సాం టీ లండన్ వేలానికి చేరింది. 1930 ప్రాంతంలో ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే సీటీసీ యంత్రం అస్సాంలోనే పుట్టింది. మన కిరాణా కొట్లలో చాయ్‌పత్తగా అమ్మేది ఎక్కువగా ఈ గుళికలనే. కొద్ది పొడికే రంగు దిగుతుంది, పాలు పోసినా రుచి చావదు. కూలి డబ్బుతో బతికే ఇంటికి చాయ అందుబాటులోకి రావడంలో ఈ యంత్రం పాత్ర పెద్దది.

దేశంలో టీ అలవాటు చేయడానికి వ్యాపారులు మొదట పట్టుకున్నది రైల్వే స్టేషన్లను, మిల్లులను, గనులను. ఉత్తర తెలంగాణలో ఆ మూడూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, బెల్లంపల్లి ప్రాంతపు బొగ్గు గనులు 1920ల చివరినాటివి. సిర్పూర్ కాగితపు మిల్లును 1938లో స్థాపించారు. తర్వాత గోదావరిఖని గనులు, సిరిసిల్ల మరమగ్గాలు వచ్చాయి. మూడు షిఫ్టుల పని ఉన్నచోట తెల్లవారుజామున కూడా చాయ్ హోటల్ పొయ్యి మండాల్సిందే. అంబలి తాగి పొలానికి పోయిన ఊళ్లలో పొద్దుటి మొదటి గుటక చాయ అయింది.

ఇక్కడ రకాలు ఆకును బట్టి కాకుండా కాచే తీరును బట్టి ఏర్పడ్డాయి. పాలు, పొడి, చక్కెర కలిపి మరిగించేది ఇంటి చాయ. పాలు లేనిది డికాషన్. తెలంగాణలో చలి అన్నిటికంటే ఎక్కువగా పడే ఆదిలాబాద్‌లో అల్లం దంచి వేసిన చాయకు గిరాకీ. హైదరాబాద్‌లో ఇరాన్ వలసదారులు మొదలుపెట్టిన ఇరానీ చాయలో డికాషన్‌ను మూతపెట్టి సన్నసెగ మీద వేరుగా మగ్గిస్తారు, చిక్కగా కాచిన పాలను చివర కలుపుతారు. ఒక చాయను ఇద్దరు పంచుకుంటే వన్ బై టూ.

అస్సాం తోటల్లో ఆకు కోయడానికి బ్రిటిష్ కాలంలో మధ్య భారతం నుంచి, తెలుగు ప్రాంతాల నుంచి కూలీలను తరలించారు. వారి సంతతిలో గోండులున్నారు, ‘తెలంగా’ అనే పేరుతో తెలుగువారున్నారు. ఆదిలాబాద్‌లో గోండులు షెడ్యూల్డు తెగ. అస్సాం తోటల్లోని గోండులు ఆ గుర్తింపు కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు.