తుత్తునాగపు తెగులు: బొమ్మ రైలింజన్ల చరిత్రలో ఒక అధ్యాయం



ఇంగ్లాండు రైళ్ల చరిత్రలో 1938వ సంవత్సరం రెండు కారణాల చేత గుర్తుంచుకోదగినది. ఆ యేడు జూలై 3వ తేదీన 'మల్లార్డ్' అనే ఆవిరి ఇంజను గంటకు 126 మైళ్ల వేగాన్ని అందుకొని ప్రపంచంలోని ఆవిరి ఇంజన్లన్నిటిలోనూ మేటి అనిపించుకొన్నది. ఆ యేడే లివర్‌పూల్ నగరంలోని బిన్స్ రోడ్డు కర్మాగారం నుండి 'హార్న్‌బీ డబ్లో' అన్న పేరుతో, బల్ల మీద పట్టాలు పరచుకొని నడిపించుకొనే చిన్న రైళ్లు బజారుకు వచ్చాయి. వాటిలో తలమానికం 'సర్ నైజెల్ గ్రెస్లీ' ఇంజను నమూనా. అసలు ఇంజను మల్లార్డుకు తోబుట్టువు. ఒకే తరగతికి చెందినది.

1937లో తయారైన ఆ అసలు ఇంజను నేటికీ భద్రంగా ఉన్నది. ఎండకూ వానకూ ఓర్చి, బొగ్గు తిని, వందల టన్నుల బరువు లాగి కూడా నిలిచినది. మూరెడు పొడవైనా లేని దాని బొమ్మలు కొన్ని మాత్రం, పెట్టెలో పదిలంగా దాచినవి సైతం, పగిలి పొడి అయిపోయాయి. శ్రమపడినది మిగిలి, విశ్రాంతిగా కూర్చున్నది రాలిపోవడమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి టపా.

బొమ్మ ఇంజన్లకు జబ్బులు కొత్తవి కావు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లాండులో ఇత్తడి ఇంజన్లు చేసేవారు. చిన్న స్పిరిటు దీపంతో నీరు కాచి, నిజమైన ఆవిరితోనే నడిపేవారు. పట్టాలు కూడా లేకుండా నేల మీదనే పరుగెత్తే ఆ ఇంజన్లు వెళ్లిన దారి పొడవునా నీరు కార్చేవి. అందుకే జనం వాటికి 'కారుడు ఇంజన్లు' అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. బోర్లా పడితే తివాచీకి నిప్పంటుకొనే భయం ఒకటి.

తరువాత కీ ఇచ్చి వదిలే రేకు ఇంజన్ల కాలం వచ్చింది. 1891లో జర్మనీ దేశపు మార్క్‌లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు అంకెలు నిర్ణయించి, ఒక క్రమం ఏర్పరచిన బొమ్మ రైళ్లను ప్రదర్శించింది. స్ప్రింగు ఇంజనుకు నడక నిలకడ తక్కువ. నిండుగా కీ ఇస్తే మొదట వెర్రిపరుగు తీసి మలుపులో పట్టా తప్పుతుంది. చివరకు వచ్చేసరికి ఊపిరి చాలక నడిదారిలో ఆగిపోతుంది. అయినా ఆ లోపం కంటికి కనిపించేదే. విప్పి చూస్తే కారణం తెలిసేది, స్ప్రింగు మారిస్తే బాగయ్యేది.

ఫ్రాంక్ హార్న్‌బీ (1863–1936) గొప్పతనం ఇక్కడనే ఉన్నది. మరలతో, బోల్టులతో పిల్లలు యంత్రాలు కట్టుకొనే 'మెకానో' అనే ఆటవస్తువుకు 1901లో పేటెంటు పొందినవాడాయన. 1920లో ఆయన తెచ్చిన తొలి రైలింజన్లు కూడా ఆ పద్ధతిలోనే, నట్లతో బోల్టులతో బిగించినవి. బాలుడు తన ఇంజనును తానే విప్పి, చెడిన భాగం తీసి, కొత్తది వేసుకొని, తిరిగి బిగించుకోవచ్చును. బొమ్మ చెడిపోవడం అక్కడ ఏడుపుకు కాదు, పాఠానికి కారణమయ్యేది. యంత్రం నాణ్యమైనది అనడానికి అది చెడకుండా ఉండడం ఒక్కటే గుర్తు కాదు. చెడినప్పుడు బాగుచేసుకొనే వీలుండడం కూడా నాణ్యతయే.

అయితే 1930ల నాటికి తయారీ మారింది. రేకు వంచి చేసే బొమ్మలో అసలు ఇంజను నునుపు, వంపులు, రివెట్ల వరుసలు రావు. అందుకని కరిగించిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోతపోసే విధానం వచ్చింది. ఆ పనికి అనువైన లోహం జింకు. మన పెద్దలు దీనిని తుత్తునాగం అన్నారు. సుమారు 420 డిగ్రీల వేడికే కరుగుతుంది, అచ్చులో ప్రతి గీతనూ పట్టుకొంటుంది, చవక. దానికి నూటికి 4 పాళ్ల అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం చేర్చితే గట్టిపడుతుంది. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో ఈ మిశ్రమాలకు 'జమాక్' అని పేరు పెట్టింది. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి – ఈ నాలుగింటి జర్మను పేర్ల తొలి అక్షరాలు కూర్చిన పదమది. ఇంగ్లాండులో అది 'మజాక్' అయింది.

జబ్బు ఇక్కడ ప్రవేశించినది. ఈ మిశ్రమానికి సీసం పరమ శత్రువు. తగరం, కాడ్మియం కూడా అంతే. సీసం జింకులో కలసిపోదు. లోహం గడ్డకట్టేటప్పుడు పక్కకు తోసివేయబడి, స్ఫటికానికీ స్ఫటికానికీ నడుమనున్న సరిహద్దులలో చేరి కూర్చుంటుంది. గాలిలోని తేమ ఆ సరిహద్దుల వెంబడి లోపలికి పాకుతుంది, లోహాన్ని తింటూ పోతుంది. అలా పుట్టిన పదార్థానికి లోహం కంటె ఎక్కువ చోటు కావాలి. కనుక భాగం ఉబ్బుతుంది, వంకరపోతుంది, బీటలు వారుతుంది, తుదకు వేలితో నొక్కితే రాలుతుంది. వేడి, తేమ ఉన్నచోట ఇది మరింత వేగం. ఆంగ్లంలో దీనికి పంట తెగులు వంటి పేరే పెట్టారు. కనుక నేను దీనిని తుత్తునాగపు తెగులు అంటున్నాను. అయితే పంట తెగులు వలె ఒక బొమ్మ నుండి మరొక బొమ్మకు అంటుకొనేది కాదిది. పుట్టుకతో వచ్చినది.

ఎంత సీసం చాలును? నూటికి 0.005 పాళ్లు మించరాదని నేటి ప్రమాణం. అంటే నూరు కిలోల మిశ్రమంలో 5 గ్రాములు! పోత గదిలో తుక్కు ఏరి మళ్లీ కరిగించేటప్పుడు టంకపు చుక్కలు నాలుగు పడితే చాలును. బిన్స్ రోడ్డు కర్మాగారమే 1933లో మొదలుపెట్టి, మరుసటి యేటి నుండి డింకీ టాయ్స్ అని ప్రసిద్ధమైన చిన్న వాహనాలను తొలుత సీసపు మిశ్రమంతోనే పోసినది. ఒకే కప్పు కింద రెండు లోహాలు ఉన్నప్పుడు ఏ మూలనైనా కలియలేదని చెప్పడం కష్టం. యుద్ధానికి ముందటి డింకీ వాహనాలూ, హార్న్‌బీ రైళ్ల చక్రాలూ ఈ తెగులుకు పేరుపడినవే.

ఇంజనులో ఈ తెగులు ఎలా బయటపడుతుంది? మొదట చక్రాల ఆకులలో సన్నని గీతలు కనిపిస్తాయి, అంచు విరుగుతుంది. లేదా చట్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. అంతమాత్రానికే ఇరుసు రంధ్రాలు వరుస తప్పుతాయి, పళ్లచక్రాలు ఒకదానినొకటి పట్టుకొంటాయి, మోటారు మూలిగి ఆగిపోతుంది. యజమాని మోటారు చెడినదనుకొని నూనె వేస్తాడు, తీగలు మారుస్తాడు. రోగం మోటారులో లేదు, ఎముకలో ఉన్నది. మందు లేదు, ఆ భాగాన్ని తీసి మరొకటి వేయడమొక్కటే మార్గం.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించినది సీసం కాదు, తేదీలు. మలినాలే ఈ తెగులుకు కారణమని 1920లలోనే పరిశోధకులు కనుగొన్నారు. జమాక్ పుట్టుకకు మూలమే 99.99 శాతం శుద్ధమైన జింకు. అంటే 1929 నాటికి రోగమూ, నివారణా రెండూ పుస్తకాలకెక్కినవి. అయినా 1938 నాటి బొమ్మలలో తెగులు వచ్చింది. యుద్ధం తరువాత చేసిన డబ్లో ఇంజన్లు చాలావరకు ఈ జబ్బు లేనివి. డెబ్బై యేళ్లు దాటినా నడిచేవి ఎన్నో ఉన్నాయి. పాఠం నేర్చుకొన్నారని సంతోషించబోతే, 2000ల తరువాత దూరప్రాచ్యంలో కాంట్రాక్టుపై పోతపోసిన కొన్ని ఇంజన్లలో అదే తెగులు మళ్లీ తలయెత్తింది. ఎనభై యేళ్ల కిందటి పాఠం, పోత మూకుడు దగ్గర నిలబడిన మనిషికి చేరలేదు. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979లోనే మూతపడింది. చెప్పవలసిన అనుభవజ్ఞులూ చెదరిపోయారు.

తెలియక చేసిన తప్పు వేరు. తెలిసినది చేతికి అందక జరిగిన తప్పు వేరు. మొదటిదానికి పరిశోధన మందు. రెండవదానికి, ప్రతి తరంలోనూ, ప్రతి కొత్త చేతికీ, మళ్లీ మొదటి నుండి చెప్పడమే మందు. నలుబది యేళ్లు ఒకే సంధిసూత్రాన్ని ప్రతి జూన్ నెలలో కొత్త పిల్లలకు చెప్పినవాడిని కనుక, ఈ మాట నాకు బొమ్మల గురించి మాత్రమే అన్నట్లు తోచదు.

రంగు మెరుపులోనూ రివెట్ల లెక్కలోనూ ఆ 1938 నాటి బొమ్మ ఆ రోజు ఏ పరీక్షలోనైనా నెగ్గేది. పైన పటారం, లోన లొటారం అని ఎవరూ అనలేరు. లొటారం అప్పటికింకా పుట్టలేదు, బీజంగా మాత్రం ఉన్నది. దానిని పట్టుకోగలిగే స్థలం ఒక్కటే: కరిగిన లోహం మూకుడులో ఉన్న ఆ కొన్ని నిమిషాలు. ఆ నిమిషాలు దాటితే కాలమే పరీక్షాధికారి. ఆయన మార్కులు ఆలస్యంగా వేస్తాడు, తిరిగి దిద్దనివ్వడు.

మీ యింట పాత ఇంజను ఏదైనా ఉంటే తడి తగలని చల్లని చోట ఉంచండి. ఏడాదికొకసారి తీసి చక్రాల ఆకులు చూడండి. మీరు గమనించిన విశేషాలుంటే వ్యాఖ్యలలో తెలుపగలరు.

స్వస్తి.