దినాలయ్యాక ఎవరొస్తారు?

1948 అనగానే బ్రిటన్‌లో ఎవరైనా జాతీయ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పేరే చెబుతారు. ఆ ఏడు జూలై 5 నుంచి ఈ దేశంలో పేద, గొప్ప తేడా లేకుండా అందరికీ వైద్యం ఉచితమైంది. అదే ఏడు ఫిబ్రవరిలో లండన్‌లోని ఒక ఆసుపత్రి వార్డులో డేవిడ్ తాస్మా అనే నలభై ఏళ్ల మనిషి క్యాన్సర్‌తో చనిపోయాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, హోటల్లో సర్వర్. దగ్గర నా అన్నవాళ్లు లేరు. ఇంకో ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా ఉన్న సిసిలీ సాండర్స్ తరచూ వచ్చి పక్కన కూర్చునేది. పోయేముందు తన 500 పౌండ్లు ఆమె పేర రాశాడు. నువ్వు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీగా ఉంటానన్నాడు. ఆ ఇల్లు లేవడానికి 19 ఏళ్లు పట్టింది. 1967లో దక్షిణ లండన్‌లోని సిడెన్‌హామ్‌లో తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అదే.

కరీంనగర్‌లో పుట్టి పెరిగి, ఇప్పుడు ఇక్కడ ఇంకో హాస్పిస్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. "మీ దవాఖానల ఏం రోగాలు నయం చేస్తరు బిడ్డా?" అని మా ఊరివాళ్లు అడుగుతుంటారు. నయం చేయం. ఇక నయం కాదని తేలినవాళ్లకు నొప్పి, ఆయాసం లేకుండా చూస్తాం. పక్కనున్న భార్యను, కొడుకును, మనవరాలిని కూడా మా మనుషులుగానే చూస్తాం. ఈ పద్ధతి ఈ దేశానికి ఎలా వచ్చిందో మనవాళ్లకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

దీనితో మనకూ చుట్టరికం ఉంది. మెదక్ చర్చి కట్టించింది, కరీంనగర్ దాకా బోధకులను పంపింది ఇంగ్లాండులోని వెస్లియన్ మెథడిస్టులే. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రీ ఆ మిషన్ చలవే. అదే మెథడిస్టుల వెస్ట్ లండన్ మిషన్ 1893లో, దిక్కులేక చనిపోతున్న పేదల కోసం సెయింట్ లూక్స్ అనే ఇల్లు తెరిచింది. తాస్మా పోయాక సాండర్స్ తీరిక వేళల్లో సేవ చేయడానికి వెళ్లింది ఆ ఇంటికే. అక్కడి నర్సులు నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, నాలుగు గంటలకోసారి మార్ఫిన్ నోటి ద్వారా ఇస్తుంటే చూసింది. మిగతా ఆసుపత్రుల్లో రోగి మెలికలు తిరిగి అడుక్కుంటేగానీ సూది వేసేవారు కాదు. 1957లో తానే డాక్టరై, ఐరిష్ కాథలిక్ సిస్టర్లు 1905 నుంచి నడుపుతున్న సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో ఏడేళ్లు ఈ పద్ధతిని లెక్కలతో సహా నిరూపించింది. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి దిగులు, దేవుడెందుకిలా చేశాడన్న ప్రశ్న, ఇవన్నీ కలిసిన ఒకే బాధ అని ఆమె చెప్పింది. ఒంటికి మందిచ్చి మిగతావి వదిలేస్తే రోగికి నిద్ర పట్టదు.

సాండర్స్ గట్టి క్రైస్తవురాలు. హాస్పిస్ ఎలా ఉండాలని స్నేహితులతో చాలాకాలం తర్జనభర్జన పడింది. విశ్వాసులే పనిచేసే మఠంలా ఉండాలా, అందరికీ తలుపు తెరవాలా అని. చివరికి ప్రార్థనా మందిరం ఉంటుంది, రమ్మని ఎవరినీ బలవంతపెట్టరు అని తేల్చారు. నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. ఆ తర్వాత దేశంలో లేచిన హాస్పిస్‌లు ఎక్కువగా ఈ దారినే నడిచాయి. వాటి ఖర్చులో పెద్దభాగం నేటికీ విరాళాలే.

మా దగ్గర ఒక గుజరాతీ పెద్దమ్మ చివరి రోజుల్లో ఉంది. గంగాజలం నోట్లో పోయాలని కొడుకు ఆరాటం. గుటక పడక పొలమారుతుందేమోనని మాకు భయం. మా చాప్లిన్, అంటే రోగులకు తోడుండే మతగురువు, ఒక ఆంగ్లికన్ పాస్టరమ్మ. ముందు గది బయటే చెప్పులు విడిచింది. తర్వాత నోరు తడిపే మెత్తటి బ్రష్షు ఒకటి తెచ్చి కొడుకు చేతికిచ్చింది. అతను రాగి చెంబులో ముంచి, బ్రష్షును అంచుకు ఒత్తి, పెదవుల మీద మెల్లగా రాశాడు. చాప్లిన్ ఒక్క మాట ప్రార్థన చేయలేదు. మంచం కాళ్లవైపు నిలబడి, అతను ఏడ్చినంతసేపూ అక్కడే ఉంది. మర్నాడు అతనే వెతుక్కుంటూ వచ్చి, అమ్మతో రెండేళ్లు మాట్లాడలేదని ఆమెకు చెప్పుకున్నాడు.

ఇంటివాళ్ల దుఃఖం సంగతి మరో కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ దేశం ఏడు లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుంది. శవాలను ఇంటికి తేవద్దని ప్రభుత్వం నిషేధం పెట్టింది. లక్షల తల్లులు కడసారి చూపు లేకుండా మిగిలారు. మునుపటి నల్లబట్టలు, నెలల తరబడి సంతాపం పాటించడం ఆ తర్వాత క్రమంగా మాయమయ్యాయి. 1965లో జెఫ్రీ గోరర్ అనే పండితుడు దేశమంతా అడిగి రాసిన పుస్తకంలో తేలిందేమిటంటే, చావు జరిగిన ఇంట్లో ఏం చేయాలో, ఎంతకాలం ఏడవాలో జనానికి తెలియకుండా పోయింది. గల్ఫ్ నుంచి శవపెట్టె ఎప్పుడొస్తుందా అని వారాల తరబడి శంషాబాద్ విమానాశ్రయం వైపు చూసే జగిత్యాల, నిర్మల్ ఇల్లాళ్లకు ఆ తల్లుల గోస అర్థమవుతుంది.

ఆ ఖాళీని పూడ్చడానికి ముందుకొచ్చిన వైద్యుల్లో కాలిన్ మరే పార్క్స్ ఒకరు. మానసిక వైద్యుడు. 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గుగని మట్టిగుట్ట జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. సింగరేణి ఊళ్లలో బతికేవాళ్లకు ఆ వార్త ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. పార్క్స్ ఆ ఊరికి వెళ్లి, అక్కడివాళ్లకు తోడ్పడేవాళ్లకు సలహాదారుగా నిలిచారు. భార్య పోయిన 4,486 మంది మగవాళ్ల వివరాలు తీసి 1969లో ఆయన బృందం ప్రచురించిన లెక్క ఇంకా భయపెడుతుంది. మొదటి ఆరు నెలల్లో వాళ్ల మరణాలు ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే 40 శాతం ఎక్కువ. సెయింట్ క్రిస్టఫర్స్‌లో ఆయన పెట్టించిన పద్ధతి సులువైనది. రోగి పోయినప్పుడు ఇంటివాళ్లలో ఎవరు బాగా కుంగిపోయేలా ఉన్నారో, ఎవరు తమనే నిందించుకుంటున్నారో నర్సు రాసిపెడుతుంది. శిక్షణ పొందిన వాలంటీరు వాళ్ల ఇంటికి వెళ్తాడు. సలహాలివ్వడు, వింటాడు.

మనకు ఇంత తతంగం అవసరమా అంటారేమో. మొదటి పదకొండు రోజులైతే అవసరం లేదు. పిట్టముట్టుడు నుంచి దినాల దాకా ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. మన చర్చిల్లో ఆదరణ కూడిక పెడతారు, పాటలు పాడతారు, అన్నం పెడతారు. ఇంగ్లాండు ఎన్ని కోట్లు పెట్టినా ఆ నిండుదనం కొనలేదు. కానీ ఆ తర్వాత? మూడో నెలలో, అప్పులవాళ్లు తప్ప ఎవరూ తలుపు తట్టని రోజుల్లో, ఆ ఆడమనిషి ఏం తిన్నదని ఎవరడుగుతున్నారు?

ఇంకో మాట కటువుగానే చెప్పాలి. స్వస్థత కూటాల్లో ఉపవాసాలుండి, మంచం పట్టిన మనిషిని ఊరూరా తిప్పి, చివరికి పోయాక "విశ్వాసం చాలలేదు" అని ఇంటివాళ్ల మీదికి నెట్టడం పాపం. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆ మాట జీవితాంతం ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రార్థన వద్దని నేననను. ప్రార్థనతో పాటు మార్ఫిన్ కూడా ఇప్పించండి, నిజం కూడా చెప్పండి.

మన దేశం చేతులు ముడుచుకుని ఏమీ లేదు. 1986లోనే బొంబాయిలో శాంతి అవేదనా ఆశ్రమం వెలిసింది. కేరళలో కాలికట్ వాళ్లు 1993లో పని మొదలుపెట్టారు, ఇంటింటికీ తిరుగుతున్నారు. మార్ఫిన్ దొరకడానికి అడ్డంగా ఉన్న చట్టాన్ని పార్లమెంటు 2014లో సవరించింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు దారి చూపితే, తెలంగాణ ప్రభుత్వం ఆదిలాబాద్ సహా కొన్ని జిల్లాల్లో, నయం కాని రోగులకు బాధ తగ్గించే పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. మందులు, నర్సులు ఆ కేంద్రాల్లో దొరుకుతారు. కూర్చుని వినే మనుషులు కావాలి. వాళ్లను ఇవ్వగలిగింది సంఘాలే.

కరీంనగర్ డయోసిస్ పెద్దలకు, ఆదిలాబాద్ మేత్రాసనం గురువులకు, పల్లె పాస్టర్లకు నా విన్నపం ఇది. ప్రతి సంఘంలో ఇద్దరిని ఎంచి, దగ్గర్లోని పాలియేటివ్ కేంద్రంలో వినడం నేర్పించండి. చావు జరిగిన ప్రతి ఇంటి తేదీ ఒక పుస్తకంలో రాయండి, ఆ ఇల్లు ఏ మతానిదైనా సరే. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, సంవత్సరీకానికి ఒకసారి ఆ ఇంటి తలుపు తట్టండి.