మెలి విప్పాక మొదలైన నష్టం

వృషణం మెలితిరిగిన కుర్రాడికి ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ ముందుగా మెలి విప్పుతాడు. నల్లగా కమిలిన వృషణాన్ని వెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డతో చుట్టి కొన్ని నిమిషాలు ఆగుతాడు. రంగు తేరుకుంటే ప్రాణం ఉన్నట్టే. మళ్లీ తిరగకుండా రెండో వైపు కూడా కుట్లు వేస్తాడు. అలా దక్కిందనుకున్న వృషణమే ఒక్కోసారి కొన్ని నెలల్లో కుంచించుకుపోతుంది. రక్తం మళ్లీ పారింది కదా, మరి కణాలు ఎందుకు చచ్చాయి?

మొదటి అనుమానం ఆలస్యం మీదే. ఆరు గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆపైన ఆశ తగ్గిపోతుంది. కానీ తొందరగా విప్పినవాటిలోనూ కొన్ని పాడవుతున్నాయి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో టెర్రీ టర్నర్ ఎలుకల వృషణాలను 720 డిగ్రీలు, అంటే పూర్తిగా రెండు చుట్లు తిప్పి, కొంతసేపటికి విప్పి చూశాడు. 1993లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తప్రవాహం తిరిగొచ్చింది, వీర్యకణాల తయారీ మాత్రం రాలేదు. నేరం ఆలస్యం ఒక్కదానిదే కాదన్నమాట.

రెండో ఆధారం అప్పటికే వేరే అవయవాల్లో దొరికి ఉంది. 1973లో లండన్‌లో డేవిడ్ హర్స్ ఎలుక గుండెకు ఆక్సిజన్ ఆపి, తిరిగి ఇచ్చాడు. ఇచ్చిన వెంటనే కణాల్లోంచి ఎంజైములు ఒక్కసారిగా బయటపడ్డాయి. 1986లో పార్క్స్, గ్రాంజర్ అనే పరిశోధకులు పిల్లి పేగు మీద లెక్క తేల్చారు. నాలుగు గంటలు రక్తం తగ్గించి ఉంచిన పేగు కంటే, మూడు గంటలు తగ్గించి ఒక గంట తిరిగి ఇచ్చిన పేగే ఎక్కువ దెబ్బతింది.

కారణం రసాయనంలో ఉంది. రక్తం అందని కణంలో శక్తినిచ్చే ఏటీపీ విరిగి హైపోజాంథిన్ పోగుపడుతుంది. ఆక్సిజన్ రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ దాన్ని మారుస్తూ సూపర్ ఆక్సైడ్ లాంటి ఆక్సిజన్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్ ఈ ఎంజైమును అడ్డుకుంటుంది కాబట్టి పరిశోధకుల చూపు దానిమీద పడింది.

వృషణంలో ఇంకో చిత్రం కనబడింది. చచ్చేవి ఎక్కువగా వీర్యకణాలుగా ఎదగాల్సిన కణాలు. వాటిని సాకే సెర్టోలీ కణాలు, హార్మోన్ చేసే లేడిగ్ కణాలు చాలావరకు మిగిలాయి. ఆ చావు కూడా కణం తనను తాను చంపుకునే అపాప్టోసిస్. దాన్ని పురిగొల్పినవి రక్తంతో పాటు వచ్చి నాళాల గోడకు అంటుకున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. 2001లో టర్నర్, లైసియాక్ బృందం చిట్టెలుకల్లో ఇది రుజువు చేసింది. ఆ కణాలను గోడకు పట్టించే ఈ-సెలెక్టిన్ అనే ప్రోటీన్ లేని చిట్టెలుకల్లో నష్టం తగ్గింది.

దాంతో మందుల ప్రయోగాలు వరుస కట్టాయి. అల్లోప్యూరినాల్, మెలటోనిన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, సిల్డెనాఫిల్ వంటివి ఎలుకల్లో మంచి ఫలితాలే చూపించాయి. అయినా పిల్లల ఆపరేషన్ బల్ల దగ్గర ఇదీ అని తప్పనిసరిగా ఇచ్చే మందు నేటికీ లేదు.

ఎందుకో ఆధారాలే చెబుతాయి. ప్రయోగంలో మెలి ఏ నిమిషాన పడిందో తెలుసు, విప్పకముందే మందు ఎక్కించే వీలుంది. కుర్రాడి విషయంలో నొప్పి ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మందు వీర్యకణాల తయారీని కాపాడిందా అన్నది వాడు పెద్దవాడై వీర్య పరీక్ష చేయించుకుంటే గానీ తేలదు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒకటుంది: ఈ మందులు కాపాడేది మెలి విప్పే సమయానికి బతికున్న కణాలనే. రక్తం అందక అప్పటికే చచ్చినవాటిని ఏ మందూ లేపలేదు.

కాబట్టి ఎంత మంచి మందు వచ్చినా గడియారానికి అది ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. ఈ నొప్పి ఒక్కోసారి పొత్తికడుపులో, వాంతులతో మొదలవుతుంది. పిల్లలు సిగ్గుపడి అసలు చోటు చెప్పరు. మగపిల్లాడు హఠాత్తుగా కడుపునొప్పి అంటే వృషణాల సంగతి కూడా అడిగి చూడాలి. వాపో నొప్పో కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే తీసుకెళ్లాలి.