ఇయాయిడో

ఇయాయిడో జపాన్ సంప్రదాయ ఖడ్గవిద్యల్లో ఒకటి. ఒరలోని కత్తిని దూస్తూనే వేటు వేసి, తిరిగి ఒరలో పెట్టేవరకు సాగే కదలికలను ఇందులో ‘కతా’ అనే నిర్ణీత వరుసల్లో అభ్యసిస్తారు.

చరిత్ర: 16వ శతాబ్దికి చెందిన హయాషిజాకి జిన్‌సుకేను ఈ విద్యకు మూలపురుషుడిగా సంప్రదాయం పేర్కొంటుంది. 1876లో మెయిజీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించినా, గురుశిష్య పరంపరల్లో ఇది నిలిచింది. ముసో జికిదెన్ ఎయిషిన్ ర్యూ, ముసో షిన్‌దెన్ ర్యూ ప్రధాన శాఖలు. అఖిల జపాన్ కెండో సమాఖ్య 1969లో 7 ఉమ్మడి కతాలను రూపొందించింది. 1980లో 3, 2000లో 2 చేరడంతో అవి 12 అయ్యాయి.

స్వరూపం: ప్రతి కతాలో సాధారణంగా దూయడం, నరకడం, నెత్తురు విదల్చడం, ఒరలో పెట్టడం అనే నాలుగు దశలుంటాయి. ఉమ్మడి కతాల్లో మొదటిదైన ‘మాయె’లో మోకాళ్లపై కూర్చున్న అభ్యాసి ఎడమ బొటనవేలితో కత్తి కాపుబిళ్లను ముందుకు నెట్టి, ఎదుటి ఊహా ప్రత్యర్థి కణతపై అడ్డంగా వేటు వేస్తాడు, ఆపై రెండు చేతులతో తలపై నుంచి కిందికి నరుకుతాడు. ప్రారంభకులు చెక్కకత్తినో, పదును లేని మిశ్రమలోహపు ‘ఇయాయితో’నో వాడతారు.

వీడియో ద్వారా అభ్యాసం: కతాలను ఎక్కువగా ఒంటరిగా చేస్తారు కాబట్టి వాటి క్రమం, అడుగులు, లయ వీడియోలో చూసి నేర్చుకోవచ్చు. అయితే పట్టు బిగువు, ఒర తిప్పే తీరు తెరపై స్పష్టపడవు. అభ్యాసి తప్పులను వీడియో దిద్దలేదు. అందువల్ల వీడియో పాఠాలు దోజో (శిక్షణశాల)లోని ప్రత్యక్ష శిక్షణకు అనుబంధంగా ఉపయోగపడతాయి. నైపుణ్య స్థాయిని సూచించే డాన్ శ్రేణులను కూడా పరీక్షకుల ఎదుట ప్రదర్శన ఆధారంగా ఇస్తారు.