ఆకాశవాక్కును దాఁచు పేటిక

1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు అమెరికా ఉపగ్రహమొకటి మన దేశమున సుమారు 2,400 గ్రామములకు బొమ్మలతోఁ గూడిన పాఠములను బంపెను. మా నందికొట్కూరు చేరియున్న నాఁటి కర్నూలు జిల్లా పల్లెలును అందుఁ గలవు. చూచినవారు చూచిరి, తప్పినవారికి మరల లేదు. పల్లెటింట దానిని దాఁచుకొను సాధనము నాఁడు లేకుండెను.

ఆ 1975లోనే జపానున సోనీవారి బీటామాక్స్, మఱుసటి యేఁట జేవీసీవారి వీహెచ్ఎస్ వెలువడెను. తొలినాళ్ల టేపు మొదటిదానిలో ఒక గంట, రెండవదానిలో రెండు గంటలు నడచెను. వీహెచ్ఎస్ గెలుపునకు ఈ నిడివియు నొక కారణము. మనవారికి నాఁడు మఱియొక చిక్కుండెను: మన ప్రసారములు పాల్ పద్ధతివి, అమెరికాలో నాఁడు వాడిన ఎన్‌టీఎస్‌సీ యంత్రము వానిని సరిగా గ్రహింపఁజాలకుండెను.

పద్ధతి, నిడివి చూచిన పిదప నేను మూఁడవ ప్రశ్న యడుగుదును: ప్రతి తీయవచ్చునా? కడపలో బ్రౌనుదొర పండితులచేఁ బ్రతులు వ్రాయించుటచేతనే పెక్కు తాళపత్రగ్రంథములు మనకు దక్కినవి. టేపును తాటియాకువలెనే శిథిలమగును. దూరదర్శన్ అనలాగ్ భూతలప్రసారములు 2022 నాఁటికి దాదాపుగా నిలిచిపోయినవి. ఇంట మిగిలిన టేపులకు వెంటనే ప్రతులు తీయుఁడు.

నేఁడు కొనువారికిని ఇదియే నా మనవి. కొన్ని పెట్టెలలో దాఁచినది ఆ పెట్టెలోనే యాడును. పెట్టె చెడిన నాఁడు దాఁచినదియుఁ బోవును. అట్టిదానిని గొనకుఁడు.