అరవై నిమిషాల్లో ఇళయరాజా

షట్టరు సగం దించేశారు. వంగి లోపలికి దూరు.

1990 మే 9, బుధవారం. మధ్యాహ్నం మూడు దాటింది. ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటరు దగ్గర ఓ రికార్డింగ్ షాపు ఇది. బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. చొక్కా జేబు తడిమి చూసుకో. పాలిథిన్ సంచిలో చుట్టిన ఖాళీ క్యాసెట్టు అక్కడే ఉంది. తడవలేదు.

సిక్స్‌టీ క్యాసెట్టు. వైపుకి ముప్పై నిమిషాలు. పాటకి అయిదు నిమిషాలు వేసుకుంటే వైపుకి ఆరు, మొత్తం పన్నెండు. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద సాయంత్రాలు చేరే మీ జట్టు నిన్ను ఇందుకే పంపింది. ఇళయరాజా తెలుగులో ఇచ్చినవాటిలో మేలైనవి పన్నెండు ఏరి ఎక్కించుకు రావాలి. జాబితా మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వగలిగితే కదా! కాయితం మీద రాసిన ప్రతిసారీ ఎవడో ఒకడు చింపేశాడు.

పొద్దున ఆట చూసే వచ్చావు. ఇవాళే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదల. మన మొగల్తూరు చిరంజీవి, శ్రీదేవి. తుపాను వస్తోందని రేడియో మొత్తుకుంటున్నా హాలు నిండింది. కాళ్ళ కింద నీళ్ళు. జనం చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు పైకి మడుచుకుని చూశారు. పాట రాగానే ఆ నీళ్ళలోకే దిగి గెంతారు. పక్క సీటు కుర్రాడు నీ భుజం మీద చెయ్యేసి గెంతాడు. కొల్లేటి లంకవాడు. ముక్కూ మొహం తెలియదు. రెండో పాటకల్లా ‘బావా’ అనేశాడు. లంకకి బస్సు లేదన్నారు, పవర్‌పేట స్టేషనుకెళ్తే నీకు రైలూ లేదన్నారు. ఇద్దరూ ఇక్కడ తేలారు.

“ఏం ఎక్కించమంటావు?” షాపు అన్న పెన్సిల్ తీశాడు.

నువ్వు నోరు తెరిచేలోపే లంక కుర్రాడు అందుకున్నాడు. “ఇంకేటండీ, ఇవాళ్టి సినిమా పాటలే! ఇంతకంటే గొప్పవి రాజా చేశాడా, చెయ్యగలడా?”

మూల స్టూలు మీద వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్న మాస్టారు నెమ్మదిగా తల తిప్పారు. “సాగర సంగమం విన్నావా నాయనా?”

అయిపోయింది. మొదలైంది.

మాస్టారి లెక్క గట్టిది. 1983. ఆ సినిమాకి సంగీతానికి ఇళయరాజాకీ, పాటకి బాలుకీ జాతీయ అవార్డులు. శాస్త్రీయ సంగీతం అనగానే లేచి వెళ్ళిపోయే మనిషిని కూడా కూర్చోబెట్టింది అంటారాయన. “అవార్డులే కొలతైతే రుద్రవీణకీ వచ్చాయి గదండీ, అదీ మా చిరంజీవిదే” అంటాడు కుర్రాడు. “అది ఆడలేదు కదయ్యా” అన్న మాట మాస్టారి నోట్లో ఉండగానే షాపు అన్న పెన్సిల్ బల్లకేసి కొట్టాడు. “హాల్లో ఆడలేదండీ. నా షాపులో రెండేళ్ళుగా ఆడుతోంది. సీతారామశాస్త్రి గారి మాట కోసం ఇంకా ఎక్కించుకెళ్తున్నారు.”

నీ వంతు. ఏమంటావు?

నీ గుండెలో ‘అభినందన’ ఉంది. ఆత్రేయ రాశాడు. పోయిన సెప్టెంబరులో ఆయన పోయాడు. అప్పటినుంచి ఆ పాటలు వింటే ఇంకో బరువు. ఆ మాట అనగానే షట్టరు పక్కన గొడుగు దులుపుకుంటున్న అక్క నవ్వింది. సెయింట్ థెరీసా కాలేజీలో డిగ్రీ చదువుతోందట, వాన తగ్గేదాకా ఆగింది. “మగపిల్లలంతా అభినందన అనే అంటారు. మాటలు లేని పాట లెక్కలోకి రాదా?” అని గ్లాసు అల్మారా వైపు చూపించింది. అక్కడ ‘హౌ టు నేమ్ ఇట్’ క్యాసెట్టు. సినిమా లేదు, హీరో లేడు. 1986లో రాజా తన కోసం తాను చేసుకున్నది. అటు త్యాగయ్య, ఇటు జర్మనీ బాఖ్, ఇద్దరికీ మొక్కి చేసింది. వి.ఎస్. నరసింహన్ వయొలిన్.

మాస్టారు వయొలిన్ పెట్టె మీద చెయ్యి వేసుకుని ఊరుకున్నారు. తన వాద్యం కదా, ఎలా కాదంటారు?

“రాజా మొదట గిటార్ మనిషి” అంది అక్క. “జీకే వెంకటేష్ దగ్గర వాయించాడు, ఆయనకే అసిస్టెంటుగా చేశాడు. మీరంతా గొంతు వింటున్నారు. కింద బేస్ గిటార్ వినండి. అది వేరే పాట పాడుతూ ఉంటుంది.”

నువ్వు వినలేదు ఎప్పుడూ. ఇప్పుడు విను. అన్న ‘గీతాంజలి’ పెట్టి ట్రెబుల్ తగ్గించాడు. బాలు వెనక్కి వెళ్ళాడు. అడుగున లావుపాటి తీగ నడుస్తోంది. పాట ఎక్కే చోట అది దిగుతోంది. పాట ఆగే చోట అది మాట్లాడుతోంది. ఏడాదిగా వింటున్న పాటలో ఇన్నాళ్ళూ ఇంకో మనిషి ఉన్నాడని నీకిప్పుడే తెలిసింది.

రాగం పేరు, తాళం పేరు తెలియని నాలాంటివాళ్ళకి వినడం నేర్పింది ఇలాంటి కొట్లాటలే. ఒకరు ‘నాది గొప్ప’ అంటారు, ఇంకొకరు ‘ఎందుకు?’ అంటారు. ఆ ‘ఎందుకు’కి జవాబు వెతకడానికి మళ్ళీ వింటాం. అలా విన్నప్పుడే వేణువు ఎక్కడొచ్చిందో, కోరస్ ఎక్కడ ఆగిందో చెవికి దొరుకుతుంది.

అన్న ఒక ఒప్పందం పెట్టాడు. మనిషికి ఒక పాట. తర్వాతివి తర్వాత. ‘ఏ’ సైడు ముందు నింపుదాం. రికార్డింగ్ అంటే పాట ఎంతసేపో అంతసేపూ పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. మాస్టారిది సాగర సంగమం. అక్కది మాటల్లేని వయొలిన్. కుర్రాడిది ఇవాళ్టి సినిమా. అన్న తనకి ‘అన్వేషణ’ కావాలన్నాడు. వంశీ అడవి సినిమా, 1985. “రాత్రి లైటు తీసేసి ఒక్కడివే విను, తెలుస్తుంది” అన్నాడు. నువ్వు అభినందన అనబోయి ఆగావు. ‘సితార’! అదీ వంశీదే. జానకికి జాతీయ అవార్డు తెచ్చిన గోదారి వెన్నెల పాట లేకుండా వెళ్తే గూడెంలో నిన్ను ఊళ్ళోకి రానిస్తారా? మార్చేశావు.

సూదులు ఊగుతున్నాయి. ఎర్ర లైటు వెలుగుతోంది. ఒకటి. రెండు. మూడు.

లైటు మసకబారింది. వోల్టేజి పడిపోతోంది. అన్న స్టెబిలైజరు మీద చెయ్యేశాడు. నాలుగో పాట మధ్యలో ఉంది.

ఠప్.

చీకటి.

ఇప్పుడు వినిపిస్తోంది బయట. ఇందాకటినుంచీ పాటలో పడి పట్టించుకోలేదు. అది గాలి కాదు, అరుపు. ఎదురు కొట్టు రేకు లేచింది. రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయింది. షట్టరు వణుకుతోంది.

పాదాలకి చల్లగా తగిలింది. కిందికి చూడు.

నీళ్ళు.

షట్టరు కింది నుంచి వస్తున్నాయి. చీలమండ దాకా. కింది రెండు అరల్లో క్యాసెట్లు. వాటి పక్కన నేల మీద ఎల్పీల పెట్టె. ముందు ఏది?

నీ చేతులు ఎల్పీల మీదికి వెళ్ళాయి. పెద్దవి. ఖరీదైనవి.

“టేపులు! టేపులు ముందు!” అన్న అరిచాడు. “రికార్డు కడిగి ఆరబెట్టుకోవచ్చు. టేపు తడిస్తే పోయినట్టే!”

వదిలెయ్. క్యాసెట్లు తియ్. గుప్పెళ్ళతో తియ్. నువ్వు అక్కకి. అక్క కుర్రాడికి. కుర్రాడు మెట్ల మీద మాస్టారికి. పేర్లు చూడకు. చూసే టైము లేదు. చేతికి ఏది వస్తే అది. శివ. స్వర్ణకమలం. ప్రేమ. మోకాలి కిందికి వచ్చాయి నీళ్ళు. ఛాలెంజ్. మౌనరాగం. అర ఖాళీ. ఇంకో అర. వేలు తెగింది. గాజు. చూసుకోకు. తియ్. పైకి. తియ్. పైకి.

ఇప్పుడు ఎల్పీలు. పెట్టె అడుగు నానిపోయింది. రెండు చేతులూ కింద పెట్టి లేపు. జాగ్రత్త. మెట్టు.

ఎక్కేశావు.

మేడ మీద అన్న కాపురం. వదిన లాంతరు వెలిగించి, అందరికీ తలో తువ్వాలు ఇచ్చింది. నీ వేలికి గుడ్డ కట్టింది. ఉప్మా పెట్టింది. కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కారు. అయినా జల్లు లోపలికి కొడుతోంది. గోడకి చెవి ఆనిస్తే గోడ మూలుగుతున్నట్టుంది.

మధ్యలో టూ ఇన్ వన్. అందులో నాలుగు పెద్ద సెల్స్, అంతే. రేడియో తక్కువ తింటుంది, టేపు మోటారు ఎక్కువ తింటుంది. ఇవి అయిపోతే ఇంకేమీ లేవు. పాటా, వార్తలా?

అందరికంటే గట్టిగా పాటల కోసం కొట్లాడినవాడు లంక కుర్రాడు. ఇప్పుడు వాడే అన్నాడు, “రేడియో పెట్టండన్నా. మా అమ్మ ఒక్కతే ఉంది.”

విజయవాడ కేంద్రం గరగరలాడుతూ అందింది. కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో తుపాను తీరం దాటుతోంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఏం తలుచుకుంటున్నారో అడగనక్కర్లేదు. 1977 నవంబరు 19, దివిసీమ. ఒక్క ఉప్పెనకి పదివేల ప్రాణాలు. ఈసారి లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా దాదాపు వెయ్యిమందిని ఈ తుపాను పొట్టన పెట్టుకుందని నీకు తర్వాత తెలుస్తుంది. ఈ రాత్రి మాత్రం ఏమీ తెలియదు. రేడియో కట్టేస్తారు. గంటాగి పెడతారు. మళ్ళీ కట్టేస్తారు.

ఎప్పటికో అరుపు తగ్గింది. తీరం దాటేసింది అన్నారు. కుర్రాడు మొహం తుడుచుకున్నాడు. “ఒక్క పాట పెట్టండన్నా” అన్నాడు.

అందరూ నీ వైపు చూస్తున్నారు. క్యాసెట్టు తెచ్చినవాడివి నువ్వు. ఒక్క పాట. ఏది?

పాట గొప్పదా అంటే వందలున్నాయి. ఆల్బమ్ గొప్పదా అంటే నాకు ఒకటే లెక్క. దాంట్లోంచి ఏ పాటైనా తీసి ఇంకో సినిమాలో పెట్టగలవా? పెట్టగలిగితే అది మంచి పాటల మూట. పెట్టలేకపోతే అది ఆల్బమ్. గీతాంజలి అలాంటిది. అన్నీ వేటూరివే. ఊటీ మంచులో చావు తెలిసిన ఇద్దరు పిల్లలు పాడేవి. ఇక్కణ్ణుంచి ఒక్కటి కదిపినా కథ కూలుతుంది.

“గీతాంజలి” అన్నావు, ఈ లెక్కా చెప్పావు. గొంతు నీదేనా అనిపించింది.

“చిత్ర పాడిన వాన పాట మాత్రం వద్దు బాబూ!” వదిన దణ్ణం పెట్టింది. చాలాసేపటికి గదిలో నవ్వు పుట్టింది.

బాలు వసంతం పాట పెట్టారు. చరణం దాకా బాగానే వెళ్ళింది. తర్వాత గొంతు లావైంది. సాగింది. సెల్స్ డల్ అవుతున్నాయి. అన్న వెంటనే ఆపేశాడు. “పొద్దున వార్తలకి ఉంచాలి.” ఎవరూ కాదనలేదు. మాస్టారు మాత్రం చీకట్లో మెల్లగా అన్నారు. “నువ్వన్న లెక్క బాగుందోయ్. ఆ లెక్కన కూడా సాగర సంగమమే.”

తెల్లారింది. గాలి పోయింది, వాన ఉంది. కుర్రాడు పంచె ఎగగట్టాడు. ఒక్కణ్ణే పంపుతావా? పంపవు. పద.

కైకలూరు రోడ్డు మీద తెగిన తీగల్ని దాటుకుంటూ నడుస్తున్నారు. శ్రీపర్రు వైపు వచ్చేసరికి ఏది రోడ్డో, ఏది చేపల చెరువో, ఏది కొల్లేరో తెలియడం లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తూనే ఉంటాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. తుపానుకి సముద్రం ఎదురు తన్నితే ఆ దారీ నెమ్మదిస్తుంది. కొల్లేరు ఒళ్ళు విరుచుకుంటుంది. చివరి ముక్క తాటిదోనె మీద వెళ్ళారు. నువ్వు అంచు పట్టుకుని కదలకుండా కూర్చున్నావు.

లంకలో జనమంతా బడి అరుగు మీద ఉన్నారు. కుర్రాడు దోనె ఆగకముందే దూకాడు. ఆమె పొయ్యి దగ్గర ఉంది. కొడుకుని చూసి గరిటె ఎత్తింది, కొట్టడానికి. కొట్టలేదు. పట్టుకుని ఏడ్చింది.

గంజి తాగాక పిల్లలు చుట్టూ మూగారు. సినిమా చూశావా, శ్రీదేవి ఎలా ఉంది, ఉంగరం కథేంటి? వాడు మొదలుపెట్టాడు. కథ చెప్తూ పాటలు పాడుతూ, మధ్యలో నోటితో బేస్ గిటార్ కూడా వాయిస్తున్నాడు. నిన్న నేర్చుకున్నదే.

స్తంభానికి చేరగిలబడ్డ తాత ఒకాయన చుట్ట తీశాడు. “మీ రాజా గీజా నాకు తెలీదురా. ఈ కొల్లేటి అవతల ఒడ్డున, గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు ఘంటసాల. ఆయన పోయాక పాటేవిటి?”

కుర్రాడు పాట ఆపేశాడు. నీ వైపు చూశాడు. “బావా, కాస్త జరుగు. తాతా, ఇలా వచ్చి కూకో. ఘంటసాలవి నీకు బాగా ఇష్టమైనవి ఓ ఆరు చెప్పు. ఆరే.”