డండీ నియోజకవర్గం (1832–1950): ఒక మిల్లు పట్టణంలో ఓటుహక్కు విస్తరణ

1. పరిచయం

బ్రిటన్‌లో ఓటుహక్కు విస్తరణను 1832, 1868, 1918, 1928 చట్టాల క్రమంలో చదువుతాం. ఆ చట్టాలు ఒక పట్టణ ప్రజల రాజకీయాలను ఎలా మార్చాయో తెలుసుకోవాలంటే ఒక నియోజకవర్గాన్ని దగ్గరగా పరిశీలించాలి. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని డండీ ఇందుకు తగిన ఉదాహరణ. 1922లో విన్‌స్టన్ చర్చిల్ ఇక్కడ ఓడిపోయారు. ఆ ఓటమిని అర్థం చేసుకోవడానికి ఆ ఏటి ప్రచారం ఒక్కటే చాలదు. అక్కడ ఎవరెవరికి ఎప్పుడు ఓటు వచ్చిందో చూడాలి.

2. నియోజకవర్గం ఏర్పాటు

1832కు ముందు డండీకి సొంత స్థానం లేదు. పెర్త్, ఫోర్ఫర్, కూపర్, సెయింట్ ఆండ్రూస్ పట్టణాలతో కలిసి ఒకే సభ్యుణ్ణి పార్లమెంటుకు పంపేది. ఆ సభ్యుణ్ణి ఎన్నుకున్నది ప్రజలు కాదు, పట్టణ మండళ్ల ప్రతినిధులు. 1832 సంస్కరణ చట్టం డండీకి ప్రత్యేక స్థానం ఇచ్చింది. అయితే ఓటు ఏడాదికి 10 పౌండ్ల విలువగల ఇల్లు లేదా దుకాణం ఉన్న పురుషులకే పరిమితమైంది. 1868 చట్టం పట్టణాల్లో పన్ను చెల్లించే గృహస్థులైన పురుషులకు ఓటు ఇచ్చింది. డండీకి రెండో సభ్యుణ్ణి కూడా కేటాయించింది. అప్పటి నుంచి ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. (మన దేశంలోనూ ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, 1961 చట్టం వాటిని రద్దు చేసింది.)

3. జనపనార మిల్లులు, మహిళా కార్మికులు

డండీ మిల్లులకు ముడి జనపనార బెంగాల్ నుంచి వచ్చేది. ఆ నారను మెత్తబరచడానికి తిమింగలం నూనె వాడేవారు. కార్మికుల్లో ఎక్కువమంది స్త్రీలు. వారి వేతనాలు తక్కువ. మగపిల్లలకు పెద్దల వేతనం ఇవ్వవలసిన వయసు రాగానే పని నుంచి తొలగించడం సాధారణం. అందువల్ల అనేక కుటుంబాలు స్త్రీ సంపాదనపైనే నడిచేవి. అయినా 1918 వరకు ఆ స్త్రీకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ఇంతలో కలకత్తా మిల్లులు ఎదిగి డండీని మించిపోయాయి. ఆ పోటీ భారం వేతనాలపై పడింది.

4. రెండు ఓట్ల ఫలితం

1906లో డండీ ఓటర్లు ఒక లిబరల్‌ను, ఒక లేబర్ అభ్యర్థిని గెలిపించారు. లేబర్ సభ్యుడు అలెగ్జాండర్ విల్కీ. 1908లో మాంచెస్టర్ ఉప ఎన్నికలో ఓడిన చర్చిల్, కొద్ది వారాల్లోనే డండీ ఉప ఎన్నికలో లిబరల్‌గా నెగ్గారు. చర్చిల్, విల్కీ 1922 వరకు కలిసి ప్రాతినిధ్యం వహించారు.

ఈ కాలమంతా స్థానికుడైన ఎడ్విన్ స్క్రిమ్‌జర్ మద్యనిషేధవాదిగా పోటీచేసి ఓడుతూ వచ్చారు. కూలి డబ్బు సారా దుకాణానికి పోతే పస్తులుండేది ఇంట్లోవాళ్లే కనుక, మిల్లు పట్టణంలో మద్యం కేవలం నీతి సమస్య కాదు. 1918 చట్టం 21 ఏళ్లు దాటిన పురుషులకు, 30 ఏళ్లు దాటిన అర్హులైన స్త్రీలకు ఓటు ఇచ్చింది. యుద్ధానంతర నిరుద్యోగం మధ్య 1922 ఎన్నిక జరిగింది. అపెండిసైటిస్ శస్త్రచికిత్స వల్ల చర్చిల్ చివరి రోజుల్లో మాత్రమే ప్రచారానికి రాగలిగారు. ఆరో ప్రయత్నంలో స్క్రిమ్‌జర్ 32,578 ఓట్లతో గెలిచారు. కాంగోలో జరిగిన అత్యాచారాలను బయటపెట్టిన ఇ.డి. మోరెల్ లేబర్ తరఫున 30,292 ఓట్లు పొందారు. చర్చిల్‌కు వచ్చినవి 20,466. ఒకప్పుడు లిబరల్–లేబర్ జోడీని నిలబెట్టిన రెండు ఓట్ల పద్ధతే ఇప్పుడు మోరెల్–స్క్రిమ్‌జర్ జోడీకి ఉపయోగపడింది.

అయితే ఈ మార్పు అసంపూర్ణం. 30 ఏళ్లలోపు మిల్లు యువతులకు 1928 వరకు ఓటు రాలేదు.

5. రద్దు

1931లో స్క్రిమ్‌జర్ ఓడిపోయారు. ఆ ఎన్నికలో నెగ్గిన ఫ్లోరెన్స్ హార్స్‌బ్రా డండీ తొలి మహిళా సభ్యురాలు. 1945లో రెండు స్థానాలూ లేబర్‌కు దక్కాయి. 1948 చట్టం ద్విసభ్య స్థానాలను తొలగించడంతో, 1950 నుంచి డండీ తూర్పు, పశ్చిమ నియోజకవర్గాలుగా విడిపోయింది.

6. సారాంశం

నియోజకవర్గ చరిత్ర గెలిచినవారి జాబితా మాత్రమే కాదు. డండీలో పట్టణం అదే, మిల్లులు అవే. ఓటర్లు మారారు, దానితో రాజకీయాలూ మారాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1868 చట్టం డండీలో తెచ్చిన మార్పులు ఏవి?
2. 1922 ఫలితానికి దోహదం చేసిన అంశాలను వివరించండి.